వుంగా కొట్టంలోని గిత్త

మా గుట్ట మీద గిత్తలు ఆకాశంలోంచి ఊడిపడతాయి. మామూలు గిత్తలు కావు. తమ మూపురం తామే మోయలేనంత బలిసినవి, పండగ పొద్దున, తిన్నగా కొట్టంలోకి.

మిషను బడిలో అబద్ధమాడితే సిస్టర్లు గులకరాళ్ళ మీద మోకాళ్ళు వేయించేవారు. ఆ మోకాళ్ళు ఇప్పటికీ సలుపుతాయి కనక కాస్త తగ్గించుకుంటాను. గిత్తలు కాదు, ఒక్క గిత్త. ఆకాశంలోంచి కాదు, పై మెట్టులోంచి. మా మండారా కొండల్లో ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి కూర్చుంటాయి. పై ఇంటి వాకిలి, కింది ఇంటి కప్పు ఒకే ఎత్తు. పై ఇంటి కోడి రెట్ట వేస్తే కింది ఇంటి కూరలో పడుతుంది. అంచేత మాకు ఆకాశం మరీ దూరమేమీ కాదు. ఊడిపడటం మాత్రం నిజం. పడింది వుంగా కొట్టంలో.

అప్పటికి వుంగాకి గడ్డం నెరిసింది. పెద్దకూతురికి పెళ్ళి కూడా అయింది. అయినా గుట్ట మొత్తానికీ అతను ‘అబ్బాయే’. ఎందుకంటే అతను అంతవరకూ గిత్తను వదల్లేదు. కోడెదూడను తెచ్చి, ఇంటి లోపలి రాతికొట్టంలోకి వెనక్కి నడిపించి, వాకిలిని రాళ్ళతో మూసి, మనిషి దూరేంత కంతలోంచి రెండేళ్ళు చీకట్లో చేత్తో మేపి, మూడేళ్ళకోసారి వచ్చే పండగనాడు గోడ పగలగొట్టి జనం మీదికి వదిలినవాడే మా లెక్కలో మగవాడు. వాడు కల్లుకుండ దగ్గర పై బండ మీద కూర్చుంటాడు. తక్కినవాళ్ళు, మూతి మీద మీసం మొలవనివాళ్ళయినా, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళయినా, కింది బండ మీద కూర్చుని అడుగున మిగిలిన మడ్డి తాగుతారు.

వుంగా సగం ఆయుష్షు మడ్డితోనే గడిచింది. ఒక పండక్కి కరువొచ్చింది, ఇంకో పండక్కి తండ్రి పోయాడు, ఆ పై పండక్కి దూడ కోసం దాచిన మేకల్ని చిరుత ఎత్తుకుపోయింది. ప్రతిసారీ పై బండ మీంచి తగ్వా సొరకాయ బుర్ర కిందికి అందిస్తూ, “మెల్లిగా తాగు అబ్బాయ్, పొట్ట నొప్పొస్తుంది” అనేవాడు. తగ్వా అంటే వుంగా భార్య క్వలేకి అన్న. పై మెట్టు ఇల్లు అతనిదే. రెండు పండగల్లో రెండు గిత్తల్ని వదిలిన మొనగాడు. ఆ సంగతి మనం మరిచిపోతామేమోనని అతనికి ఒకటే బెంగ.

చివరికి వుంగా కూడా ఒక దూడను సంపాదించి కొట్టంలో పెట్టాడు. క్వలే కొండ కిందినుంచి వీపున గడ్డి మోసింది, నీళ్ళు మోసింది. మొదటి వానాకాలం చక్కగా దాటింది. రెండో వానాకాలంలో ఒకరోజు తెల్లవారి చూస్తే దూడ కడుపుబ్బి కాళ్ళు చాపేసింది.

కొట్టంలో పశువు చస్తే ఆ ఇల్లు పితరులకి గిట్టలేదని అర్థం. కల్లుకుండ దగ్గర నలుగురిలో చెప్పుకోవాలి, తల గొరిగించుకోవాలి, మళ్ళీ పండగ వచ్చేదాకా కింది బండే గతి. వుంగా చచ్చిన దూడ పక్కనే చాలాసేపు కూర్చున్నాడు.

“మాంసం ఏం చేద్దామయ్యా?” అంది క్వలే.

“తిందాం.”

“ఎవరైనా అడిగితే?”

“కుందేలని చెప్పు.”

ఆ వానాకాలమంతా వాళ్ళింట్లో కుందేలు కూరే. ఆ కుందేలుకు మోచేతంత ఎముకలుండేవి.

అది మొదలు క్వలే రోజూ నలుగురూ చూసేలా గడ్డిమోపు లోపలికి తీసుకుపోయేది. లోపల దాన్ని మేకలు తినేవి. తిని తిని మేకలు గుమ్మంలో ఇరుక్కోసాగాయి. ఇక వుంగా పొద్దున్నే ఖాళీ కొట్టంలోకి దూరి, పెద్ద కల్లుకుండలో తల పెట్టి రంకె వేసేవాడు. మొదట్లో అది ముసలాడి దగ్గులా ఉండేది.

“ఏం బావా, మీ గిత్తకి జలుబు చేసిందా?” అని తగ్వా పై వాకిట్లోంచి అరిచేవాడు.

వుంగా పట్టు వదిలే మనిషి కాడు. కొన్నాళ్ళకి రంకెలో బరువు వచ్చింది, ఆ తరవాత పొగరొచ్చింది. జొన్న కోతలనాటికి ఆ రంకె వింటే లోయ అవతలి ఆవులు మేత ఆపి తలలెత్తి చూసేవి. తగ్వా జలుబు మాట మానేశాడు. అయితే పేడ మాట ఎత్తుకున్నాడు.

“అన్నేసి మోపులు మింగుతోంది కదా, మీ చేలో పేడ కనబడదేం?”

“మా గిత్త పొదుపరి బావా. నీలాగా లోపలున్నదంతా ఎప్పటికప్పుడు బయటపెట్టుకోదు.”

పండగ దగ్గరపడింది. క్వలేకి తిండి సయించడం మానేసింది.

“గోడ పగలగొట్టాక లోపల్నుంచి ఏమొస్తుందయ్యా? కుందేలా?”

“అప్పటికి ఏదో ఒకటి తోస్తుందిలే.”

“తోచకపోతే?”

“నేనే వస్తాను.”

“నిన్ను పట్టుకోడానికి పదిమంది మగాళ్ళెందుకు, నేను చాలు. పోయి మసాక పెద్దాయనతో నిజం చెప్పు.”

“పండగ పొద్దున చెప్తాను” అన్నాడు వుంగా.

పండగ పొద్దున మొదట మసాక పెద్దాయన గోడ పగలాలి. తరవాత కొత్తగా గిత్త వదిలేవాళ్ళవి, ఆ తరవాత పాతవాళ్ళవి. పెద్దాయన గిత్తకంటే ముందు ఎవడి గిత్తయినా ఎండ చూసిందా, వాడు ఎంతటివాడైనా మళ్ళీ పండగ దాకా కింది బండ మీదికి దిగాల్సిందే. ఈ కట్టుబాటు తాగి పడిపోయినవాడికి కూడా గుర్తుంటుంది.

జనమంతా డప్పులతో పెద్దాయన ఇంటికి పోయారు. వుంగా కూడా నిజం చెప్పడానికే బయలుదేరాడు. గుమ్మం దాటబోతూ, అంత కష్టపడి నేర్చుకున్న విద్యను చివరిసారి ఒక్కసారి వాడదామనిపించింది. వెనక్కి వచ్చి, కొట్టంలో కూర్చుని, కుండలో తల పెట్టి, ఇన్నాళ్ళ మడ్డి మీద కసినంతా గొంతులోకి తెచ్చుకుని ఒక్క రంకె వేశాడు.

పైన తగ్వా, ఈ పండక్కి మేపిన తన మూడో గిత్త బాణంలా దూసుకురావాలన్న దుర్బుద్ధితో గోడ రాళ్ళు ఎవరికీ తెలియకుండా ముందే చాలా తీసేశాడు. ఆ గిత్త నెలల తరబడి రోజూ ఈ రంకె వింటూ లోపల్లోపల ఉడికిపోతోంది. ఇవాళ్టిది తట్టుకోలేకపోయింది. మిగిలిన రాళ్ళను నెట్టేసి, ఎండకు కళ్ళు చికిలించుకుని, రంకె వచ్చిన వైపుకి పరిగెత్తింది. వుంగా కొట్టం మీది జొన్నదంటు కప్పు దానికి చేనులా కనబడింది.

కుండలో తలపెట్టిన వుంగాకి కాళ్ళ దగ్గర వెలుతురు పడ్డట్టయింది. తల బయటికి తీశాడు. ఎదురుగా గిత్త, నెత్తిన సగం కప్పు. అతన్ని పరీక్షగా చూసింది. తర్వాత అతని వెనకాల చూసింది, రంకె వేసిన గిత్త ఏదని. వుంగా కుండను మళ్ళీ తలకి తగిలించుకుని మెల్లిగా రాతి తొట్టి కిందికి పాకాడు.

తగ్వా రొప్పుతూ కిందికి దిగేసరికి వాకిట్లో క్వలే నిలబడి ఉంది.

“చెల్లీ, నా గిత్త మీ కొట్టంలో పడింది.”

“మా కొట్టంలో మా గిత్త ఉండగా నీది ఎలా పడుతుంది అన్నా?”

“నా దగ్గరా ఈ నాటకం? కప్పు కన్నంలోంచి చూశానే. నా గిత్త, మీ ఆయన తప్ప లోపల ఇంకేమీ లేదు. కుండ పెట్టుకుని కూర్చున్నాడు.”

“అలాగా. అయితే పోయి పెద్దాయనతో చెప్పు. నీ గిత్త ఆయన గిత్తకంటే ముందు ఎండలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పు. కింది బండ మీద మా ఆయన పక్కన చోటు ఖాళీగానే ఉంది. బావలిద్దరూ మడ్డి పంచుకుందురుగాని.”

తగ్వా వాకిట్లో కూలబడ్డాడు. అప్పుడే పైన పెద్దాయన గోడ పగిలిన కేకలు వినిపించాయి.

డప్పులు వుంగా ఇంటికి వచ్చాయి. గోడ మీద నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, కొమ్ములకు దంట్లు దండల్లా వేలాడుతుండగా గిత్త ముగ్గురి నెత్తిమీంచి దూకి పోయింది. ఊళ్ళోని కుర్రాళ్ళంతా కలిసి రెండు చేలు తొక్కి, ఒక గాదె కూల్చి, చివరికి దాన్ని తాళ్ళతో పట్టారు. దాని వెనకే కొట్టంలోంచి కుండ తలతో వుంగా వచ్చాడు. జనం డప్పులు ఆపేశారు. గిత్తతోపాటు లోపల కూర్చున్నవాడు మా గుట్ట మీద ఇంతవరకూ పుట్టలేదు.

“లోపలెందుకున్నావురా?” అన్నాడు మసాక పెద్దాయన.

“చివరిసారి మాట్లాడి వద్దామని, పెద్దాయనా.”

“ఆ కప్పుకి కన్నమేమిటి?”

“పొద్దున్నుంచీ ఎగురుతోంది తాతా” అంది క్వలే. “తలే తగిలింది. కొమ్ములు తగిలుంటే కప్పే ఎగిరిపోయేది.”

తరవాత తగ్వా వంతు. వెళ్ళి చూస్తే గోడ లేదు, గిత్తా లేదు.

“ఏదోయ్ నీ గిత్త?”

తగ్వా చెల్లెలి వంక చూశాడు. కింది బండ వంక చూశాడు.

“ఇప్పుడే పోయిందిగా. మీరెవరూ చూడలేదా?”

తెల్లవారుజాము నుంచీ కుండ వదలని ఒక ముసలాయన, “నేను చూశాను. ఎర్రది” అన్నాడు. “కాదు, తెల్లది” అన్నాడు ఇంకొకడు. “తోక నా చెవికి తగిలింది.” సాయంత్రానికి దాన్ని చూడనివాడు లేడు. ఒకడు మోకాలి మీద చిన్నప్పటి మచ్చ చూపించి కొమ్ము గీరిందన్నాడు.

పట్టిన గిత్తల్ని పితరులకి కోసి, మాంసం పంచేటప్పుడు భార్య అన్నకి ఒక తొడ ఇవ్వడం మా ఆచారం. ఆ రోజు తగ్వా ఇంటికి రెండు తొడలూ, మూపురమూ, కాలేయమూ నడిచి వెళ్ళాయి. వుంగాకి తోకా తలకాయా మిగిలాయి.

“బావంటే ఇంత ప్రేమా?” అన్నాడు పెద్దాయన.

“ఆయనే లేకపోతే ఈ గిత్త ఎక్కడిది పెద్దాయనా” అన్నాడు వుంగా.

ఆ సాయంత్రం వుంగా పై బండ ఎక్కాడు. తగ్వా బుర్ర అందిస్తూ అలవాటు కొద్దీ ‘అ’ అని, మింగేసి, “తీసుకో బావా” అన్నాడు. వుంగా తేటకల్లు తాగాడు. పల్చగా ఉందనిపించింది కాని పైకి చెప్పలేదు. కింద కూర్చున్న సొంత అల్లుడికి బుర్ర దించుతూ, “మెల్లిగా అబ్బాయ్, పొట్ట నొప్పొస్తుంది” అన్నాడు.

ఇప్పుడు పై బండ మీద అందరికంటే పెద్ద వుంగాయే. కల్లు తాగేచోట ఈ కథ ఎవరు ఎత్తినా కళ్ళు మూసుకుని చివరిదాకా వింటాడు. విని, మూతి తుడుచుకుని, “ఇందులో ఒక్క ముక్క నిజం లేదు” అంటాడు. “దూడను తెచ్చాను, మేపాను, వదిలాను. ఆ ఏడు మా ఇంట్లో తిన్నది కుందేలే.”