ఐదు లీటర్ల డబ్బాతో తిరువళ్ళూరుకు

అత్తిమంజేరిపేట నుంచి తిరువళ్ళూరుకు వెళ్ళదలచినవాళ్ళు ముందు పంచాంగం చూసుకోవాలి. నేను చూడలేదు. ఉదయం ఐదున్నరకు బస్టాపుకు వచ్చాకే ఆ రోజు కృత్తిక అని తెలిసింది. సామి దర్శనానికి తిరుత్తణి కొండకు పోయే జనమంతా మాకంటే ముందే నిలబడి ఉన్నారు.

మా ప్రయాణం కొండకు కాదు. మా తమ్ముడు మునిరత్నం ఎనిమిదేళ్ళు గల్ఫు ఎడారిలో పైపులైను పని చేసి పోయిన ఏడు ఇంటికి వచ్చాడు. ఎడారి ఎండలో పనిచేసినవాళ్ళ మూత్రపిండాలు ఎలా ఉన్నాయో పరిశోధించే డాక్టర్లు తిరువళ్ళూరులో ఒక మేడ మీద గదులు తీసుకుని మా వైపు ఊళ్ళవాళ్ళను పిలుస్తున్నారు. ఒక పగలూ ఒక రాత్రీ పోసిన మూత్రమంతా వాళ్ళిచ్చిన ఐదు లీటర్ల తెల్ల డబ్బాలో పట్టి తేవాలి. పొద్దున లేచేసరికి వీడి పాదాలు పొంగి ఉండటం నెల రోజులుగా చూస్తున్నాను. అడిగితే "ఏం లేదక్కా" అంటాడు. పైగా మళ్ళీ వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాడు. లోపల చెడి ఉంటే, మళ్ళీ ఆ ఎండలోకి పోయిన మనిషి తిరిగి రాడని నా భయం. అందుకే లాక్కొచ్చాను.

బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు, నిలబడే చోటూ లేదు. "ఉళ్ళ పో, ఉళ్ళ పో" అని కండక్టరు లోపలికి నెడుతూనే ఉన్నాడు. డబ్బా ఉన్న పసుపు సంచిని చంకలో ఇరికించుకున్నాను. పక్కనున్న ముసలామె ఆ సంచిని తాకి కళ్ళకద్దుకుంది.

"అభిషేకం పాలామ్మా?"

"కాదవ్వా, టెస్టుకు."

"ఆ సామే చూసుకుంటాడులే" అని ఇంకోసారి అద్దుకుంది. విడమరచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. మునిరత్నం కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటుంటే ఒళ్ళు మండింది.

గంట దారి రెండు గంటలైంది. తిరుత్తణి స్టేషనులో నేను టికెట్ల క్యూలో నిలబడితే, "ఇట్లియ్యక్కా, నేను పట్టుకుంటా" అని సంచి తీసుకున్నాడు. చెరి రెండిడ్లీలు తిన్నాం, చట్నీలో ఉప్పు లేదు. ఎనిమిదిన్నర కరెంటు బండి ఎక్కి సంచి మళ్ళీ అందుకుంటే బరువెక్కినట్టనిపించింది. అలసట అనుకున్నాను.

తిరువళ్ళూరులో తొమ్మిదిన్నరకు రమ్మన్నవాళ్ళు పదకొండున్నరకు పిలిచారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఉత్తరాది ఎడారి ఊళ్ళలో ఇదే పని చేసి వచ్చిందట. తమిళంలో అడగసాగింది.

"నడుము నొప్పి ఉందా?"

"లేదు మేడం."

"పాదాల వాపు?"

"లేదు మేడం."

"అక్కడ నీళ్ళు బాగా తాగేవాళ్ళా?"

"బాగా తాగేటోళ్ళం మేడం. అంతా ఫిట్టు."

గల్ఫుకు పోయివచ్చిన మా మగవాళ్ళకు డాక్టరంటే ఒక్కరే, వీసాకు ముద్ర వేసే డాక్టరు. 'అన్‌ఫిట్' అంటే బతుకు పోయినట్టే. అందుకే పరిశోధన అన్నా వీడు నిటారుగా నిలబడి అబద్ధాలు అప్పజెబుతున్నాడు.

ఆమె డబ్బాలోంచి కొంచెం గాజు గొట్టంలోకి తీసి, పట్టీ ముంచి వెలుతురులో చూసింది. "ఇందులో నీళ్ళు కలిపారు" అంది.

వాడు తల వంచుకున్నాడు. "స్టేషను కొళాయి నీళ్ళు పోసినానక్కా. టీ మాదిరి ఉండె. అట్లుంటే అన్‌ఫిట్ రాస్తారు. గల్ఫు క్యాంపులో అందరూ ఇట్లే చేస్తారు."

ఒక రోజంతా పట్టించి, కృత్తిక జనంలో మోసుకొచ్చి, అవ్వ చేత మొక్కించుకున్న డబ్బా! ఆమె ముందే అరిచాను. "రోజూ వీడి కాళ్ళు పొంగుతాయి మేడం! నడుము పట్టుకోకుండా లేవలేడు! రాసుకోండి!"

"ఇక్కడ ముద్రలు లేవన్నా" అంది ఆమె నెమ్మదిగా. "మీ వీసాతో మాకు పని లేదు."

వాడు తల ఎత్తాడు. "లైను వదిలి బాత్రూముకు పొయ్యేదానికి ఫోర్మన్ను అడగల్ల మేడం. రెండోసారి అడిగితే పేరు రాసుకుంటాడు. నీళ్ళు తాగితే పోవల్ల గదా. అందుకే తాగేదే నిలిపేసినాం."

ఎనిమిదేళ్ళు ప్రతి వారం ఫోను చేసినవాడు ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆమె పాదాలు నొక్కి చూసి, రక్తం తీయించింది. మూత్రపిండాలు దెబ్బతిన్నట్టే ఉన్నాయని, ఎంతవరకో రక్తం చెబుతుందని అంది. ఎండ పని వద్దు, దాహాన్ని ఆపుకోవద్దు, వచ్చే వారం మళ్ళీ పట్టి తెమ్మని కొత్త డబ్బా ఇచ్చింది.

రెండుంబావు బండిలో తిరుగు ప్రయాణం. కొనిచ్చిన నీళ్ళ సీసాను వాడు మూత తీయకుండా పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"తాగరా."

"ఈ బండిలో బాత్రూము లేదక్కా. ఊరు చేరినాక తాగతా."

"తాగు. వస్తే దిగుదాం."

సగం సీసా ఒక్క గుక్కలో తాగేశాడు. అరక్కోణం వస్తుండగా కాళ్ళు ముడుచుకుని, బాత్రూముకు పోవాలన్నట్టు నా మొహంలోకి చూశాడు.

దిగాం. వాడు బాత్రూము వైపు నడిచాడు. మా బండి తిరుత్తణి వైపు వెళ్ళిపోయింది. ఈ దారిలో పొద్దుటి నుంచి నేను తిట్టుకోనిది ఏదీ లేదు, గడియారం చూడని నిమిషమూ లేదు. ఇప్పుడు మాత్రం కొత్త డబ్బా ఒళ్ళో పెట్టుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. తరువాతి బండి ఎప్పుడని ఎవరినీ అడగలేదు.