మౌ మామయ్య నాడి చూసిన బీరు

మౌ మామయ్య లెక్కలో బీరు పానీయం కాదు, ప్రాణి. పొద్దున పుడుతుంది, సాయంత్రానికి ముసలిదవుతుంది, తెల్లారేసరికి పోతుంది. పోయిన బీరును ఎవరైనా తాగబోతే ఆయన చూస్తూ ఊరుకోడు. తాగేవాడి చెయ్యి పట్టుకుని ఆపుతాడు. నురగ మీదికి వంగి చెవి ఒగ్గుతాడు. కాసేపు కళ్లు మూసుకుని, తల అడ్డంగా ఊపి, "పోయింది" అంటాడు. ఆ తర్వాత ఆ గ్లాసును ఎవరూ ముట్టుకోకూడదు.

ఆయన చైనాలో రేవు పట్నమైన చింగ్‌దావ్‌లో అంబులెన్సు నడిపి రిటైరయిన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరు ఉన్నారో ఎవరు పోయారో చెప్పే అధికారం డాక్టర్లదే. ఈయన స్టీరింగు పట్టుకుని నోరు మూసుకుని కూర్చోవలసిందే. ఆ కసంతా బీరు మీద తీర్చుకుంటున్నాడని ఆయన చెల్లెలి మొగుడు ల్వాన్ గారి అభిప్రాయం.

బీరు పీపాలోంచి ప్లాస్టిక్ సంచిలోకి పట్టించుకుని, కాటా వేయించుకుని, వేలికి తగిలించుకుని ఇంటికి తెచ్చుకోవడమే మర్యాద అని మామయ్య వాదన. సంచి అయితే పొట్ట నొక్కి చూడవచ్చు. సీసా పొట్ట ఎవడు నొక్కగలడు? డబ్బా సంగతి ఎత్తితే ఆయనకు ఒళ్లు మండుతుంది. ఫ్రిజ్జులో వరసగా పేర్చిన డబ్బాలను చూస్తే ఆస్పత్రి వెనక గది గుర్తొస్తుందంటాడు. ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేసేవాళ్లన్నా పడదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోమనకుండా పెరటి దారిన పంపేసినట్టుంటుందట.

సందు చివర గడ్డం కుర్రాడొకడు క్రాఫ్ట్ బీరు దుకాణం తెరిచినప్పుడు మామయ్య మొదటి రోజే వెళ్లాడు. ఆ అబ్బాయి ముచ్చటపడి, చెక్కపలక మీద చిన్న చిన్న గ్లాసులు పేర్చి, ఇది మామిడిది, ఇది కాఫీది, ఇది మిరియాలదని వివరించాడు. మామయ్య ఒక్కొక్కదానికీ చెవి ఒగ్గి విన్నాడు. "బాబూ, ఇది వంటిల్లా, బీరు దుకాణమా?" అని అడిగాడు. మామిడి గ్లాసు మీద జేబురుమాలు కప్పి, తల వంచుకుని బయటికి వచ్చేశాడు.

అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే, ఒకే సంచిలోంచి పది గ్లాసులు నింపినా ఆయనకు తొమ్మిది బతికే ఉంటాయి, ఒక్కటి పోతుంది. అదెలాగని అడిగితే గ్లాసు అంచున నూనె ఉందనో, కిటికీ గాలి తగిలిందనో, కూర్చున్న దిక్కు మంచిది కాదనో ఏదో ఒక కారణం చెబుతాడు. జనం నవ్వేవారు. గ్లాసు పోగొట్టుకున్నవాళ్లు టీ తాగేవారు.

ఇలాంటి మేనమామ, ఆ ఆదివారం మధ్యాహ్నం తమ ఇంటికి భోజనానికి రాకపోతే బాగుండునని మేనకోడలు హైనింగ్ మొక్కని మొక్కు లేదు.

ఆ రోజు, ఆమె పెళ్లాడాలనుకున్న యిఫాన్ మొదటిసారి ఇంటికి వస్తున్నాడు. సూజౌ ఊరివాడు, బళ్లో లెక్కలు చెబుతాడు, నెమ్మదస్తుడు. ఏ కోణంలోంచి చూసినా పేరు పెట్టడానికి లేదు, ఒక్క సంగతి తప్ప. అతని ఒంటికి మద్యం పడదు. గుక్కెడు దిగితే చెవులు ఎర్రబడతాయి, తర్వాత మెడ, ఆ తర్వాత ఊపిరి ఆడదు. తోటి మాస్టారి పెళ్లిలో మొహమాటానికి ఒక గ్లాసు తాగి, మధ్యాహ్నమంతా ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో పడుకున్నాడు. పక్కన కూర్చుని అతని ఊపిరి చూసుకుంటూ గడిపిన ఆ గంటలు హైనింగ్ ఇంకా మరిచిపోలేదు.

ఆ మాట నాన్నతో చెప్పేస్తే సరిపోదా అంటే, సరిపోదు. ల్వాన్ గారు ఓడల మరమ్మతు యార్డులో ఫోర్‌మన్‌గా పనిచేశాడు. తాళ్లకు వేలాడుతూ పనిచేసే చోట పక్కవాణ్ణి నమ్మాలంటే వాడితో కలిసి తాగి ఉండాలని ఆయన నమ్మకం. తాగినప్పుడు చూడని మనిషిని అసలు చూడనట్టే లెక్క. హైనింగ్ పినతండ్రి కూతురికి కాబోయే భర్త అంతకుముందు ఏడాది ఇలాగే వచ్చి, డాక్టరు వద్దన్నాడని గ్లాసు పక్కకు జరిపాడు. "అయితే ఆ డాక్టర్నే తీసుకురా, ఆయనతో తాగుతాను" అన్నాడు ల్వాన్ గారు. వాళ్ల పెళ్లయిపోయినా ఆ అబ్బాయిని ఈయన ఇప్పటికీ పేరు పెట్టి పిలవడు. "ఆ పేషెంటు" అంటాడు.

ఈ కథ విన్నాక యిఫాన్ మొండికేశాడు. "మీ నాన్నగారు పోసిన గ్లాసు నేను వెనక్కి తొయ్యను. ఒక్క పూటకి ఏమీ కాదులే" అన్నాడు. ఏమవుతుందో చూసిన మనిషి హైనింగ్ కాబట్టి వారం రోజులుగా ఆమెకు అన్నం సయించలేదు. అటు చూస్తే తాగి పడిపోతాడు, ఇటు చూస్తే రెండో పేషెంటు అవుతాడు. ఈ రెండింటి మధ్యా మామయ్య ఒకడు. నాన్నకూ మామయ్యకూ బీరు దగ్గర మాటా మాటా పెరిగితే ఆ కోపమంతా యిఫాన్ గ్లాసులోకే వస్తుంది.

ముందు రోజు మామయ్య ఇంటికి వెళ్లి బతిమాలుకుంది. "రేపు ఒక్క పూటకి ఎవర్నీ చంపకు మామయ్యా."

"నేను చంపేదేముందే అమ్మడూ, పోయినదాన్ని పోయిందంటాను. అంతే" అన్నాడాయన నొచ్చుకుని.

యిఫాన్ వట్టి చేతులతో రాలేదు. అది వంజరం చేపల కాలం. చింగ్‌దావ్‌లో అల్లుళ్లు మామగారింటికి వంజరం పట్టుకెళ్లే రోజులు. ఎవరు చెప్పారో ఏమో, అతను చంటిపిల్లంత చేపకు ఎర్ర రిబ్బను కట్టి, రెండు చేతుల్తో ఎత్తుకుని మెట్లెక్కి వచ్చాడు. ఎవరూ అడగకుండానే తనను తాను అల్లుణ్ణి చేసుకున్నట్టయింది. హైనింగ్ గుమ్మంలోనే బిగుసుకుపోయింది. ల్వాన్ గారు చేపను తలనుంచి తోకదాకా చూసి, "బరువుంది" అన్నాడు. తీసుకున్నట్టా, కాదా అన్నది ఆ మాటలో తేలలేదు. చేప మాత్రం వంటింట్లోకి వెళ్లింది.

అంతలో మామయ్య దిగాడు. కొత్తవాణ్ణి ఎగాదిగా చూసి, బీరు తేవాలి, సంచులు మోయడానికి మనిషి కావాలంటూ భుజం మీద చెయ్యేసి కిందికి తీసుకుపోయాడు. వాళ్లు తిరిగొచ్చేదాకా హైనింగ్ వెల్లుల్లి ఒలిచే మిషతో కిటికీ దగ్గరే నిలబడింది. వచ్చేటప్పుడు యిఫాన్ వేళ్లకు నిండు సంచులు వేలాడుతున్నాయి. చెవి తమ్మెలు కాస్త ఎర్రగా ఉన్నాయి. ఆమె ప్రాణం ఉసూరుమంది.

"రుచి చూడమని ఒక్క చుక్క పోశారు. పెద్దాయన్ని కాదనలేకపోయాను" అని గొణిగాడు.

మామయ్య అప్పటికే ఇల్లంతా వినబడేలా చాటుతున్నాడు. ఈ కుర్రాడికి బీరుకూ టీకీ తేడా తెలియదట, లెక్కల మాస్టార్లంతా ఇంతేనట. హైనింగ్‌కి మామయ్యను మేడ మీంచి కిందికి తొయ్యాలనిపించింది.

భోజనానికి కూర్చున్నారు. గుమ్మానికి ఎదురుగా ల్వాన్ గారు, ఆయన కుడిచేతి పక్క అతిథిగా యిఫాన్. గుమ్మం వైపు, ఇంటాయన తర్వాత అతిథుల్ని చూసుకునే రెండో పెద్దగా మామయ్య. ఆ చోట కూర్చున్నవాడి పనల్లా గ్లాసులు నింపడం, వద్దన్నవాళ్లను మొహమాటపెట్టి తాగించడం. ఆ పని ఈయన చేతిలో పడింది చూడండి.

ల్వాన్ గారు ఆ రోజు బావగారి నోరు మూయించాలని గడ్డం కుర్రాడి దుకాణంలోంచి ఖరీదైన డబ్బాలు తెప్పించాడు. ఎండుమిరపకాయలు వేసి వేయించిన ఆల్చిప్పలు మధ్యలో పొగలు కక్కుతుండగా, మొదటి డబ్బా తానే విప్పి యిఫాన్ గ్లాసు నింపాడు. యిఫాన్ రెండు చేతులా గ్లాసు ఎత్తాడు. 

మామయ్య లేచి బల్ల మీదుగా వంగి ఆ మణికట్టు పట్టుకున్నాడు. చెవి ఒగ్గాడు.

"పోయింది. డబ్బాలోకి ఎక్కించేటప్పటికే కొన ఊపిరి. మామిడిపండు పెట్టి పంపించారు, పాపం."

ల్వాన్ గారి మెడ నరాలు ఉబ్బాయి. ఇంకో డబ్బా విప్పాడు. అదీ పోయింది. మూడోది మిరియాల బీరు. దాన్ని చూడనైనా చూడకుండా, దానికి మనం కాదు, దాని వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు కబురు చెయ్యాలన్నాడు మామయ్య. నాన్న గ్లాసులోదీ ఆ డబ్బాలోదే, దాన్ని మాత్రం మామయ్య ఏమీ అనలేదు. హైనింగ్‌కి ఓ పక్క ఊపిరి వచ్చినట్టే ఉంది, ఓ పక్క నాన్న ముఖం చూస్తే పోయినట్టే ఉంది.

అప్పుడు చేప వచ్చింది. అమ్మ దాన్ని తల, నడుము, తోక వరసగా పేర్చి పొడవాటి పళ్లెంలో తెచ్చి, తలను అతిథి వైపు తిప్పి పెట్టింది. అక్కడి ఆచారం ప్రకారం చేప తల ఎవరి వైపు ఉంటే వాళ్లు మూడు గ్లాసులు తాగాలి. వాళ్లు తాగేదాకా ఆ చేపను ఎవరూ ముట్టుకోరు. అతిథి తెచ్చిన చేపే కాబట్టి తప్పించుకునే దారి అసలే లేదు.

"సరే బావా, నా డబ్బాలు శవాలు. నీ సంచి తియ్యి. పొద్దున పుట్టిందేగా, దాన్ని పొయ్యి" అన్నాడు ల్వాన్ గారు.

 సంచి బీరుకు వంక పెట్టడం మామయ్య వల్ల కాదు. ఆయన చేత్తో పట్టించి, పొట్ట నొక్కి చూసి, తన వెంట నడిపించుకుని తెచ్చిన బీరది. మామయ్య సంచి మూల కొరికి, మూడు గ్లాసులు నింపాడు. నురగ తెల్లగా, రెండు వేళ్ల మందాన నిలబడింది. ఇంత చక్కటి బీరు ఆ బల్ల మీద ఎన్నడూ లేదు. యిఫాన్ మొదటి గ్లాసు అందుకున్నాడు. ఆపండి అనబోతూ హైనింగ్ కుర్చీలోంచి సగం లేచింది.

మామయ్య ఆ మూడు గ్లాసుల వంకా చాలాసేపు చూశాడు. ముఖం వాడిపోయింది. ఈసారి చెవి కూడా ఒగ్గలేదు.

"పోయింది" అన్నాడు మెల్లగా.

ఏది, అన్నాడు ల్వాన్ గారు నమ్మలేక. మూడూ పోయాయన్నాడు మామయ్య. సంచికి ఎండ తగిలిందన్నాడు. బయట పొద్దుటినుంచీ మబ్బు పట్టి ఉంది.

ల్వాన్ గారు బల్ల మీద చెయ్యి వేసి లేవబోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ, గరిటె తుడుచుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఏమండీ, మీ పొట్ట కోసిన ఏడాది, అన్నయ్య కూర్చున్న ఏ బల్ల దగ్గరైనా మీ గ్లాసులో బీరు ఒక్కసారైనా బతికిందా?"

ల్వాన్ గారు లేచినవాడు లేచినట్టే ఉండిపోయాడు. ఆ ఏడాది ఆపరేషన్ సంగతి యార్డులో ఎవరికీ చెప్పుకోలేదు. తాగొద్దన్నారని చెప్పడం నామోషీ. ఎక్కడికి వెళ్లినా ఈ బావ దాపురించి తన గ్లాసునే చంపేవాడు. తాను పళ్లు కొరుక్కునేవాడు, చచ్చినట్టు టీ తాగేవాడు. ఆ మాటకొస్తే, హైనింగ్ కడుపులో ఉన్నప్పుడు అత్తవారింట అమ్మ గ్లాసు పోయింది. పొరుగింటి విందుల్లో బండి నడిపేవాడి గ్లాసు పోయేది. ఇవన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు గుర్తు రావడం ముఖంలో కనబడుతోంది. చివరికి యిఫాన్ ఎర్ర చెవుల మీద చూపు ఆగింది.

"పడదా?" అని అడిగాడు.

యిఫాన్ తల వంచుకున్నాడు. "పడదండీ. అయినా తాగుదామనే వచ్చాను."

 ల్వాన్ గారు చెయ్యి చాపి, చేప పళ్లాన్ని మెల్లగా తిప్పాడు. తల మామయ్య వైపు వచ్చి ఆగింది. చంపినవాళ్లే తాగాలి, అదే ఈ ఇంటి న్యాయం అన్నాడు.

మామయ్య తాగాడు. శవమన్నాడు కాబట్టి మొహం చిట్లిస్తూ తాగాలి. కానీ బీరు అద్భుతంగా ఉంది. పైపెదవి చేదు నటిస్తుంటే కిందిపెదవి నురగ నాకుతోంది. మూడో గ్లాసుకి నటన పూర్తిగా చేతులెత్తేసింది. యిఫాన్‌కి ల్వాన్ గారే చేప కళ్లదగ్గరి కండ తీసి గిన్నెలో పెట్టాడు. హైనింగ్ ఆ పూట మూడుసార్లు అన్నం వడ్డించుకుంది.

మామయ్య వెళ్లేటప్పుడు ఆమె మెట్ల దగ్గర పట్టుకుంది. ఎలా తెలిసిందని అడిగింది. ఒక్క చుక్కకే అతని చెవులకు ఆ రంగు వచ్చిందన్నాడు. బండిలో వెనక పడుకున్నవాళ్లలో ఆ రంగు చాలాసార్లు చూశాడట.

"వాళ్లలో చాలామంది తాగాలని తాగినవాళ్లు కాదే అమ్మడూ. ఎవరో గ్లాసు ఎత్తారు, వద్దనడానికి సిగ్గేసింది. నోరు లేక వచ్చి పడుకున్నారు" అన్నాడు.

ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. మామయ్య చుట్టూ చూసి, ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"ఒకటి మాత్రం బాధగా ఉంది. పాపం ఆ సంచి బీరు నిక్షేపంగా ఉంది. నా నోటితో నేనే దాన్ని అంత మాటన్నాను. రేపు ఆ పీపా ముందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

కాళ్లు కొంచెం తడబడుతున్నాయి గానీ ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోడు. అది అందరికీ తెలుసు. యిఫాన్‌కి తెలియదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి వచ్చి, ఆయన మోచెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. మామయ్య విదిలించుకోబోయి, అతని చెవుల వంక చూసి ఊరుకున్నాడు.

ల్వాన్ గారు కిటికీ దగ్గర నిలబడి, కింద వాలు సందులో వాళ్లిద్దరూ దిగిపోవడం చూస్తున్నాడు. నాలుగడుగులకోసారి మామయ్య ఆగి, చెయ్యి ఊపుతూ బీరు గురించి ఏదో ఉపన్యసిస్తున్నాడు. యిఫాన్ అది పూర్తయ్యేదాకా ఆగి, మళ్లీ నడిపిస్తున్నాడు. హైనింగ్ నాన్న వెనకగా వచ్చి నిలబడింది. ఏమంటాడోనని ఇంకా లోపల గుబులుగానే ఉంది.

"ఆ మలుపు దగ్గర మెట్లు నున్నగా ఉంటాయి" అన్నాడు ల్వాన్ గారు, కిటికీలోంచి చూపు మళ్లించకుండా. "అల్లుడికి కేకేసి చెప్పు."