గోడ మీద మనవరాలు

పుంగనూరు బస్టాండు వెనక సందులో నాదొక జిరాక్సు షాపు. ఆన్‌లైన్ పనులు కూడా చేస్తాను. నా షాపును ఆనుకునే అబ్దుల్ జబ్బార్ టీవీ రిపేరు షాపు. పద్దెనిమిదేళ్లుగా మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క గోడే. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను శాంతమ్మా అంటాడు.

జబ్బారన్న చేతికొచ్చిన వస్తువు బాగుపడకుండా తిరిగిపోవడం నేను చాలా అరుదుగా చూశాను. చౌడేపల్లె రైతులు మోటారు స్టార్టర్లు తెస్తారు, ఇళ్ల నుంచి మిక్సీలు, టీవీలు వస్తాయి. మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఈడ కాలిందప్పా" అంటాడు. అక్కడే కాలి ఉంటుంది.

ఆయన భార్య షంషున్నీసా వదిన జాకెట్లు కుట్టేది. యాభై దాటాక ఆమె చూపు మధ్యలో ఒక మచ్చ మొదలైంది. దేన్ని చూడబోతే అది ఆ మచ్చ వెనక్కి పోతుంది. తలుపు కనిపిస్తుంది, తలుపులో నిలబడిన మనిషి ముఖం కనిపించదు. ఈ రకానికి మందు లేదని, ఉన్న చూపు ఎంతకాలం ఉంటుందో చెప్పలేనని మదనపల్లె కంటి డాక్టరు అన్నాడు. ఆమె కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది.

మూడేళ్ల కిందట ఒక లెక్చరరు తన పాత హోమ్ థియేటర్ ప్రొజెక్టరు రిపేరుకు ఇచ్చాడు. ఫ్యాను పోయింది, అంతే. కొత్త ఫ్యాను వేసి, పని చేస్తోందో లేదో చూద్దామని జబ్బారన్న ఇంట్లో తెల్లగోడ మీద ఎవరిదో పెళ్లి వీడియో వేశాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన వదిన మెల్లగా గోడ దగ్గరికి నడిచి, "పెండ్లికూతురు ఏడుస్తాండాది కదా" అందట. మనిషంత ఎత్తున ఉన్న ఆ ముఖాన్ని మచ్చ పూర్తిగా కప్పలేకపోయింది. రెండేళ్లలో ఆమె చూసిన మొదటి ముఖం అది. జబ్బారన్న ఆ లెక్చరరును బతిమాలి ప్రొజెక్టరు తనే కొనుక్కున్నాడు.

ఆ తర్వాత కుప్పంలో ఉన్న కూతురు జువేరియాకు ఆడపిల్ల పుట్టింది. మెహరీన్ అని పేరు పెట్టారు. కాన్పప్పుడు వదిన నలభై రోజులు అక్కడే ఉండి వచ్చింది. పిల్లకు నీళ్లు పోసింది, ఒళ్లో వేసుకుని నిద్రపుచ్చింది, కానీ ముఖం చూడలేదు. ఒళ్లో ఉన్న పిల్ల ముఖం మచ్చకు సరిపోయేంతే ఉంది. పుంగనూరు వచ్చాక వీడియో కాల్‌లో గోడ మీద చూసింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక అన్న షట్టరు సగం దించి ఇంటికి పోయేవాడు, కుప్పానికి ఫోను కలిపేవాడు. అప్పుడప్పుడు నేనూ టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్లేదాన్ని. నేనుంటే వాళ్లు తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లు. వదిన గోడ మీద చెయ్యి పెట్టి, "ఇదో, పెదవి కింద పుట్టుమచ్చ. నీకు తెల్దులే, నేను సూసినా" అని అన్నతో పోటీపడేది.

ప్రొజెక్టరు ల్యాంపుకు ఇన్ని గంటలని ఆయుష్షు ఉంటుంది. పిల్ల పుట్టకముందే అది దగ్గరపడి ఎర్రలైటు వెలిగి, ల్యాంపు మార్చమని గోడ మీద అక్షరాలు వచ్చాయి. అన్న నవ్వాడు. "కంపెనీవాళ్లు అట్లనే చెప్తారు శాంతమ్మా. వాళ్ల సరుకు పోవాల కదా" అని ఏవో బటన్లు నొక్కి గంటలను మళ్లీ సున్నాకు తెచ్చాడు. ఆరు నెలలకు ఇంకోసారి అదే పని చేశాడు. పోయిన ఏడాది జూలైలో ఒక మధ్యాహ్నం, పిల్ల బోర్లా పడటానికి ప్రయత్నిస్తుండగా, ప్రొజెక్టరు లోపల టప్పుమంది. గోడ నల్లబడింది. మూత తీస్తే గాజు పెంకులు.

"నేను సంపినానమ్మా దాన్ని" అన్నాడు అన్న మరునాడు.

ల్యాంపు వెతకడం మొదలైంది. ఆ మోడల్ తయారీ ఆపేసి ఏడేళ్లయింది. నా కంప్యూటర్ ముందు స్టూలు వేసుకుని మూడు రోజులు కూర్చున్నాడు. పాత ల్యాంపు కేసు మీదున్న నంబరు కొడితే నలభై రకాలు వచ్చాయి. అన్నీ ఒకే ఫోటో. ఒకదానికి ఒరిజినల్ అని, ఒకదానికి ఒరిజినల్ లాంటిదని, ఒకదానికి దీనికి సరిపోయేదని రాసి ఉంది. కొందరు కేసుతో సహా ఇస్తారట, కొందరు ఉత్త బల్బే ఇస్తారట.

"యాది మంచిది శాంతమ్మా?"

"నాకేం తెలుసన్నా. చూసేవాడివి నువ్వు."

"సూసేదానికి ఏముండాది ఈడ? చేతికిస్తే కదా సూసేది." స్క్రీను మీద బొమ్మను వేలితో తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

షాపులోని టీవీల్లో ముఖం మచ్చను దాటేంత పెద్దగా రాదు. ల్యాంపుతో పని లేకుండా కొత్త ప్రొజెక్టరే కొనమని అందరూ చెప్పారు. వదినను వెంటబెట్టుకుని మదనపల్లె వెళ్లాడు. కంటి డాక్టరుకు చూపించాల్సిన రోజే కాబట్టి నేనూ తోడు వెళ్లాను. అక్కడ కల్యాణ మండపాలకు ప్రొజెక్టర్లు అద్దెకిచ్చే దేవరాజులు అన్నకు పాత పరిచయం. "ల్యాంపుల కాలం పోయిందన్నా, అంతా ఎల్‌ఈడీ ఇప్పుడు" అని చేతిలో పట్టేంత చిన్నదాన్ని తెచ్చి గోడ మీద వేశాడు. నాకు బొమ్మ బాగానే కనిపించింది. వదిన గోడకు మూరెడు దూరం దాకా వెళ్లి నిలబడింది.

"పొగ మాదిరి ఉండాది" అంది.

మండపాల్లో వాడే పెద్దదాన్ని దేవరాజులు వేసి చూపించాడు. అందులో ఆమెకు కనిపించింది. దాని ధర విని అన్న దేవరాజులు చెయ్యి పట్టుకుని, వస్తానని చెప్పి బయటికి వచ్చాడు.

అల్లుడు ఫహీమ్ కుప్పం నుంచి రైల్లో బెంగళూరు వెళ్లి విచారించాడు. అసలైన ల్యాంపును ఒక డీలరు బయటి దేశం నుంచి తెప్పిస్తానన్నాడు. రెండు నెలలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే కావొచ్చు. ఆన్‌లైన్‌లో 'సరిపోయేది' అయితే ఆరు రోజుల్లో వస్తుంది. మదనపల్లె డాక్టరు ఆ రోజు ఎడమ కన్ను గురించి చెప్పిన మాటలు నేనూ విన్నాను. లోపల రక్తం చిమ్మే సూచన ఉందని, నెలకొకసారి తప్పకుండా తీసుకురమ్మని అన్నాడు. జబ్బారన్న నా షాపుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రెండు నెల్లంటే ఎట్లమ్మా. బిరీన వచ్చేదే పెట్టు" అన్నాడు. నేను ఆర్డరు పెట్టాను.

వచ్చింది. గాజుకు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకుని బిగించాడు. గోడ వెలిగింది కానీ వెలుతురులో ఆకుపచ్చ కలిసింది. పిల్ల ముఖం కామెర్లు వచ్చినట్టు ఉంది. వదిన మాత్రం, "పండ్లు వస్తాండాయి పాపకు" అని సంబరపడింది. పదకొండో రోజు బొమ్మ వణికింది, పన్నెండో రోజు ఆరిపోయింది. అమ్మినవాడికి నేను పెట్టిన మెసేజీలకు జవాబు రాలేదు. అన్న ఆ ల్యాంపును తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, అటూ ఇటూ తిప్పాడు. అలవాటు కొద్దీ వాసన చూశాడు.

"ఏమీ తెలీడంలే" అన్నాడు.

ఆ సాయంత్రమే ఫహీమ్‌కు ఫోను చేసి, బెంగళూరు డీలరుకు అసలైనదే చెప్పమన్నాడు. మొదటే అది చెప్పి ఉంటే మూడు వారాలు కలిసొచ్చేవని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

సెప్టెంబరులో వదిన ఎడమ కంట్లో రక్తం చిమ్మింది. మదనపల్లెలో సూదులు వేశారు. ఇల్లంతా గోడలు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ల్యాంపు ఎప్పుడొస్తుందని ఒక్కసారి కూడా అడగలేదు. అన్నే రోజుకు రెండుసార్లు ఫహీమ్‌కు ఫోను చేసేవాడు. ఓడలో ఉందన్నారు, తర్వాత కస్టమ్స్‌లో ఉందన్నారు.

అక్టోబరు చివర్లో ఫహీమే దాన్ని తీసుకొచ్చి ఇచ్చి, ఆ బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు. అన్న నన్ను కూడా ఇంటికి పిలిచాడు. ల్యాంపు బిగించి స్విచ్చి వేస్తే గోడ కొత్త సున్నం కొట్టినట్టు తెల్లగా వెలిగింది. కుప్పానికి ఫోను కలిపాడు. పిల్ల నిద్రపోతోంది. జువేరియా ఏమీ మాట్లాడకుండా ఫోను పిల్ల ముఖం దగ్గర పట్టుకుంది. పెదవి కింద పుట్టుమచ్చ, చెంప మీద దిండు గుర్తు, అన్నీ కనిపిస్తున్నాయి.

"కనిపిస్తాండాదా?" అన్నాడు అన్న.

"బాగా కనిపిస్తాండాది" అంది వదిన. కుర్చీలో ముందుకు వంగి నవ్వుతోంది. "ఎంత పెరిగిపోయిందో సూడు. జుట్టు సూడు."

ఇంతలో కుప్పంలో నెట్ పోయింది. బొమ్మ ఆగి, కాల్ తెగి, గోడంతా ఉత్త నీలం రంగు మిగిలింది. శబ్దం మొదటి నుంచీ లేదు కాబట్టి తేడా ఏమీ వినిపించలేదు.

"ముక్కు అచ్చం ఫహీముది" అంది వదిన ఆ నీలం గోడను చూస్తూ. "సూడండి, నిద్రలో నవ్వుతాండాది."

నేను అన్న వైపు చూశాను. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా అలాగే ఉంది.

"అవును" అన్నాడు. "నవ్వుతాండాది."

తర్వాత ఫోను తీసుకుని మళ్లీ కలిపాడు. గోడ మీదికి పిల్ల వచ్చింది. వదిన అదే నవ్వుతో, అదే వైపు చూస్తూ కూర్చుంది.

నాలుగు రోజులకు ఉండబట్టలేక అడిగాను. "అన్నా, వదినతో మాట్లాడినావా?"

ఆయన ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. తల ఎత్తలేదు. "నాకు కనిపిస్తాండాదని ఆమె చెప్తాండాది. నేను యాల కాదనాల? ల్యాంపు తెచ్చినానని ఆమెకు సంతోషంగా ఉండాది." స్క్రూలు ఒక మూతలో వేశాడు. "నా కోసరమే చెప్తాండాదేమో కూడా నాకు తెల్దు శాంతమ్మా."

ఇప్పటికీ మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆయన షట్టరు సగం దించి ఇంటికి వెళ్తాడు. మెహరీన్ లేచి నిలబడుతోందని, రెండడుగులు వేసిందని అన్న గోడను చూసి చెబుతాడు. వదిన అన్నిటికీ, "ఆ, సూసినా" అంటుంది.