గడప అవతల చెప్పే మాట

నిన్న పొద్దున్న కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, కోటవురట్ల వైపు నుంచి ఒక పెద్దాయన మా గేటు తీసుకుని వచ్చాడు. మనవరాలి ఓణీల ఫంక్షనట, వంటకి మా మరిది కావాలట. "మేస్త్రీగారు ఉన్నారాండీ?" అని అడిగాడు. నేను ముందుగదిలో కుర్చీలో ఉన్నాను, ఆయన అరుగు కింద నిలబడ్డాడు. కూర్చున్న చోటి నుంచే చెప్పేస్తే వినపడేంత దూరం. కానీ నేను గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, గడప దాటి అరుగు మీదికి వెళ్ళి నిలబడి, అప్పుడు "లేడండీ. క్రొయేషియాలో వంటకి వెళ్ళాడు, చలి మొదలయ్యేసరికి వచ్చేస్తాడు" అని చెప్పాను. ఈ మాత్రం మాటకి ఈవిడ ఇంత కష్టపడి లేచి రావడమెందుకా అని ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కూర్చోబెట్టి సంగతంతా చెబుదామంటే షేర్ ఆటో వెళ్ళిపోతుందని తొందరపడ్డాడు. ఆయన వినకపోతేనేం, మీకు చెబుతాను.

మా ఇంట్లో "లేదు" అనే మాట ఆడకూడదు. ఇది మా అత్తగారు పెట్టిన చట్టం. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. ఈ మాటలు తెలుగునాట ఎవరికి తెలియవు! మా అత్తగారి గొప్పతనం ఏమిటంటే, అక్కడితో ఆగలేదు. ఉప్పు, పప్పు, చింతపండు, చివరికి చీపురు కూడా ఆవిడ దృష్టిలో నిండుకునేవే. ఇక ప్రశ్నల సంగతి. బయల్దేరుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడిగితే ఇంటిల్లిపాదికీ చీవాట్లు పడేవి. "ఎందాకా?" అని అడగాలి, అదీ గొంతు తగ్గించి. నేను నర్సీపట్నంలో తెలుగు టీచరుగా ఉద్యోగం చేసిన మనిషిని. పగలంతా బడిలో ప్రశ్నార్థక వాక్యాలు, వ్యతిరేకార్థక వాక్యాలు పిల్లలచేత వల్లె వేయించి, సాయంత్రం ఆ రెండూ నిషేధించిన ఇంటికి వచ్చేదాన్ని. కొత్తలో ఒళ్ళు మండేది, నిజం చెప్పొద్దూ. తర్వాత తర్వాత ఆ మాటలే నా నోటికీ అలవాటైపోయాయి. అత్తగారు పోయి చాలాకాలమైనా చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆవిడ చిన్నకొడుకే మా మరిది. విందుభోజనాల వంటమేస్త్రీ. తల్లి చట్టం అతని చేతిలో పడి వృత్తిధర్మమైపోయింది. బంతిలో కూర్చున్నవాళ్ళు ఏమడిగినా మా మరిది మనుషుల నోట లేదన్న మాట రాదు, "వస్తన్నాది" అనే మాటే వస్తుంది. కూర అడుగంటినా వస్తన్నాదే, బూరెలు గంపలో ఒక్కటీ మిగలకపోయినా వస్తన్నాదే. అంటూనే వెనక పొయ్యి దగ్గర ఏదో ఒకటి పుట్టించేవాడు. ఏజెన్సీ కొండల నుంచి సంతకి వచ్చిన అడ్డాకులు తెప్పించి, విస్తళ్ళు కుట్టించి, అందులో అతను వడ్డించిన పనసపొట్టు కూర తిన్నవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అయితే రోజులు మారాయి. ఫంక్షన్ హాళ్ళవాళ్ళు హాలుతో పాటు భోజనాలు కూడా తామే మాట్లాడి పెట్టేయడం మొదలుపెట్టారు. మేస్త్రీని ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళిళ్ళ రోజుల్లో కూడా మా మరిది పెరట్లో కూర్చుని, పదును తగ్గని కత్తికి పదును పెట్టుకుంటూ కనిపించేవాడు. ఆ చప్పుడు వినలేక నేను పెరటి తలుపు వేసేసేదాన్ని. ఇంకొకరి కేటరింగులో టోపీ పెట్టుకుని ఇడ్లీ కౌంటరు దగ్గర నిలబడమని పిలుపు వస్తే, వెళ్ళలేక, పొమ్మని చెప్పలేక నానా అవస్థ పడ్డాడు.

ఆ సమయంలో రోలుగుంట నుంచి క్రొయేషియా వెళ్ళిన అతని స్నేహితుడు ఫోన్ చేశాడు. అతనూ వంటవాడే. అక్కడ సముద్రం ఒడ్డున ఒక హోటల్లో ఎండాకాలమంతా పని, చలికాలం ఇంటికి రావచ్చు. వంటింటి పెద్దావిడ వీడియోలో మాట్లాడి చూస్తుంది, వాళ్ళ భాషలో నాలుగు మాటలు ఆడగలిగితే తీసుకుంటుంది. మా మరిది మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాం. ఫోన్లో పాఠాలు చూసి నమస్కారాలు, కూరగాయల పేర్లు నేర్చుకున్నాడు. అవును అనడానికి వాళ్ళ మాట "దా" అని తెలిసినప్పుడు మరీ సంబరపడ్డాడు.

మొదటిసారి మాట్లాడిన రోజు నేనూ పక్కనే కూర్చున్నాను. ఆవిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, మెల్లగా ఒక్కొక్క ప్రశ్నా అడిగింది. మా మరిది ప్రతిదానికీ చేతులు కట్టుకుని, తల అడ్డంగా నిలువుగా కలిపి ఊపి, "దా" అన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో అని మేమంతా మురిసిపోయాం. మా తోటికోడలు, అంటే అతని భార్య, అందరికీ పాయసం పోసింది. సాయంత్రానికి స్నేహితుడు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడు. ఆవిడ జర్మన్ వచ్చా అంటే దా అన్నాడట. ఆక్టోపస్ వండావా అంటే దా అన్నాడట. ఎలా వండుతావు అంటే దానికీ దా అన్నాడట.

"ఒరే, ఆవిడ నిన్ను వద్దన్లేదు," అన్నాడు స్నేహితుడు. "గాని అన్నిటికీ అవునన్నోడంటే వంటింట్లో బయమేస్తాది అన్నాది. రానిది రాదని సెప్పనోడికి ఎలాగ నేర్పుతాం అన్నాది. ఇంకొక్కసారి మాటాడతాదట. ఆ తర్వాత మరి నా సేతిలో నేదు."

పాయసం గ్లాసులు ఇంకా కడగనైనా లేదు. మా మరిది పెరట్లోకి వెళ్ళి కత్తి తీశాడు. ఆ చప్పుడు మళ్ళీ మొదలవడం నా వల్ల కాలేదు. కత్తి లాక్కుని, రేపటి నుంచి నా దగ్గర బడికి రమ్మన్నాను. రిటైరైన టీచరుకి ఒక విద్యార్థి దొరికితే ఎలా ఉంటుందో ఇంకో టీచరుకే తెలుస్తుంది.

ప్రశ్నలు తేలిగ్గానే వచ్చాయి. మనం క్రియ చివర దీర్ఘం తీసి "తిన్నావా" అన్నట్టే, వాళ్ళు క్రియ వెనక "లి" అని ఒక తోక తగిలిస్తారు. యెసి లి యెలా, అంటే తిన్నావా అని, ఆడవాళ్ళని అడగడం. కొందరు ముందే "దా లి" అని పెట్టి మొదలుపెడతారట, ఫోన్లో పాఠం చెప్పే అమ్మాయి మాత్రం తోకే అందమంది. నాకూ అదే నచ్చింది. మా మరిది ఉల్లిపాయలు తరుగుతూ భార్యని పొద్దస్తమానం "యెసి లి యెలా" అని అడిగేవాడు. కాపురానికి వచ్చాక ఈయన నన్ను తిన్నావా అని ఇన్నిసార్లు అడిగింది ఇప్పుడే అని ఆవిడ నాతో అని నవ్వుకుంది.

చిక్కంతా రెండో పాఠంలో వచ్చింది. మామూలు క్రియకి ముందు "నె" పెడితే చాలు, కాదని అర్థం. ఉండటం, కలిగి ఉండటం, కావాలనుకోవడం, ఈ మూడింట్లో మాత్రం ఆ "నె" క్రియలో కలిసిపోతుంది. నిసామ్, నెమామ్, నెచు. మనకి లేను, లేవు, లేడు అని మనిషిని బట్టి మారినట్టే వాళ్ళకీ నిసామ్, నిసి, నియె. ఎక్కడి సముద్రం, ఎక్కడి నర్సీపట్నం! ఆ పోలిక చూసి నేను పొంగిపోయాను గానీ నా విద్యార్థి నోరు విప్పలేదు. వంటింట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టి "ఇమాష్ లి సొలి?" అన్నాను, ఉప్పుందా అని. నెమామ్, అంటే లేదని చెప్పాలి. అతను ఉప్పు జాడీ వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు, గోడ మీద తల్లి ఫొటో వైపు చూశాడు.

"ఉప్పుకి ఆ మాట ఎలాగనీమంటావు వదినా, పొద్దుపొద్దున్నే, పొయ్యి ముందర?" అన్నాడు.

పరాయి భాష కదా, మన ఇంటికి అర్థం కాదులే అన్నాను. అర్థం తెలిసినోణ్ణి నానున్నాను కదా అన్నాడు. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఉప్పు వదిలేసి పంచదార అడిగాను, పంచదార వదిలేసి ఏనుగు ఉందా అని అడిగాను. ఏనుగు కూడా లేదనలేకపోయాడు! వస్తన్నాది అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇలా రోజులు గడిచిపోతున్నాయి. ఆవిడ మళ్ళీ మాట్లాడతానన్న రోజు దగ్గర పడింది. ఇడ్లీ కౌంటరు వాళ్ళ నుంచి మళ్ళీ కబురొచ్చింది. మా మరిది ఈసారి తన టోపీ కొలత కూడా చెప్పాడని తెలిసింది.

దారి చూపించింది మా తోటికోడలు. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, తలెత్తకుండానే అంది:

"మజ్జిగ నిండుకున్నప్పుడు ఎవరైనా అడగొస్తే అత్తేటి సేసేది? గడప దాటి అరుగు మీదికెళ్ళి సెప్పీసి వచ్చేది. ఇంట్లో అనకూడదు గాని బయట అనకూడదని ఆవిడెప్పుడూ అన్లేదు. మీరూ అక్కడికే ఎళ్ళి అనండి."

నిజమే. ఎన్నోసార్లు చూశాను. ఎంత మోకాళ్ళ నొప్పి ఉన్నా లేచి వెళ్ళి, గడప అవతల కాలు పెట్టి, లేదన్న మాట అక్కడ వదిలేసి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేది. అదేదో ఆవిడ చాదస్తమనుకున్నానే తప్ప, చట్టంలో ఒక కిటికీ అని నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి మా బడి గడపకి అటూ ఇటూ జరిగింది. నేను లోపల కుర్చీలో, అతను గుమ్మం దగ్గర. ఉప్పుందా అంటే ఒక్క అంగలో బయటికి, "నెమామ్". వస్తావా అంటే లోపలికి, "దా". వండావా అంటే బయటికి, "నిసామ్". మొదట్లో గొణిగేవాడు, తర్వాత వీధి చివరికి వినపడింది. ఎదురింటావిడ మొక్కలకి నీళ్ళు పోయడం మానేసి చూసేది. మేస్త్రీగారికి ఏటయ్యింది, ఊరికే లోపలికీ బయటికీ తిరుగుతున్నారు, కడుపులో బాగులేదా అని నన్ను పక్కకి పిలిచి అడిగింది. బాగానే ఉంది, బయటికి పోవాల్సిందే పోతోందన్నాను.

రెండోసారి ఆవిడ ఫోన్లో కనబడినప్పుడు మేం ముగ్గురం వంటింట్లోనే కూర్చున్నాం. ఈసారి ప్రశ్నలు నాకూ అర్థమవుతున్నాయి, అదే నా ప్రాణానికి వచ్చింది. పేరు, ఊరు అయ్యాయి. తర్వాత ఆవిడ కళ్ళజోడు సర్దుకుని సూటిగా అడిగింది.

"యెస్తె లి కుహాలి హొబొట్నిత్సు?"

ఆక్టోపస్ వండారా అని. మా మరిది గొంతులో "దా" కదలడం నాకు కనిపించింది. నోరు తెరిచాడు, మూశాడు. ఫోను చేతిలో పట్టుకుని లేచి, వంటిల్లు దాటి, ముందుగది దాటి నడిచాడు. ఆవిడకి ఫోన్లో మా ఇంటి కప్పు, ఫ్యాను, తోరణం అన్నీ వరసగా కనపడి ఉంటాయి. మేమిద్దరం వెనకే ముందుగదిలోకి వెళ్ళాం. అతను గడప దాటాడు. అరుగు మీద ఎండలో నిలబడ్డాడు.

"నిసామ్," అన్నాడు. వండలేదు.

ఆవిడ మరి వండటం తెలుసా అని అడిగింది. "నె జ్నామ్," అన్నాడు. తెలియదు. ఈసారి ఆగకుండానే చెప్పాడు. తన తల్లి నిలబడిన చోటే నిలబడ్డాడు మరి. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. తర్వాత కొంచెం మెత్తగా, "హొచెతె లి నౌచితి?" అంది. నేర్చుకుంటారా?

మా మరిది వెనక్కి తిరిగాడు. అలవాటు చొప్పున కాళ్ళు తుడుచుకున్నాడు. గడప దాటి ఇంట్లోకి వచ్చి, నా పక్కన, మా తోటికోడలి ఎదుట నిలబడి, "హొచు" అన్నాడు. నేర్చుకుంటాను. నేను ఎంతోమంది పిల్లల నోట ఎన్నో సరైన జవాబులు విన్నాను. ఏ జవాబుకీ నాకు కళ్ళమ్మట నీళ్ళు రాలేదు, దానికి వచ్చాయి.

ఆవిడ స్నేహితుణ్ణి పిలిచి ఈయన ఎందుకు బయటికి వెళ్ళాడని అడిగిందట. అతను తనకి చేతనైనంతలో చెప్పాడు. మొత్తం విని, మనిషిని పంపించమంది. ఇడ్లీ కౌంటరు వాళ్ళకి రానని చెప్పడానికి మా మరిది ఫోన్ తీసుకుని, నాకేసి ఒకసారి చూసి, అరుగు మీదికి వెళ్ళాడు.

బయల్దేరిన రోజు మేమెవరం ఎక్కడికి అని అడగలేదు, ఎప్పుడొస్తావనీ అడగలేదు. మా తోటికోడలు మాత్రం గేటు దాకా వెళ్ళి, గొంతు తగ్గించి "ఎందాకా?" అంది. "ఆ పక్కకే," అన్నాడు. క్రొయేషియా ఆ పక్కకే! ఇద్దరూ నవ్వుకున్నారు. నేను తల తిప్పుకున్నాను.

ఇప్పుడు వారం వారం వీడియోలో కనిపిస్తాడు. ఆక్టోపస్ అబ్బిందట, పనసపొట్టు కంటే సులువేనట. వాళ్ళ వంటింటి వెనక తలుపుకీ ఒక గడప ఉందట. చేపలు అయిపోతే ఇతను ఆ తలుపు బయటికి వెళ్ళి "నెమా" అని అరిచి వస్తుంటే మొదట అందరూ నవ్వారట. ఇప్పుడు ఆ పెద్దావిడ కూడా ఏదైనా అయిపోతే తల బయటికి పెట్టి చెబుతోందట. మా అత్తగారి చట్టం సముద్రాలు దాటింది, వింటే ఎంత పొంగిపోయేదో. ఫోన్ పెట్టేసే ముందు భార్యని యెసి లి యెలా అని అడుగుతాడు. ఆవిడ తినకపోయినా దా అంటుంది, ఇంట్లో కూర్చుని ఇంకో మాట అనదు.

చలి మొదలైతే కోటవురట్ల పెద్దాయన మళ్ళీ వస్తానన్నాడు, ఫంక్షన్ అప్పటికి మార్చుకుంటాడట. వస్తాడు, ఉన్నారాండీ అంటాడు. అప్పుడు నేను లేవను. కుర్చీలో కూర్చునే, కాఫీ తాగుతూనే, "ఉన్నాడు" అంటాను. ఈ వయసులో కాలాన్ని నేను లెక్కపెట్టుకునే పద్ధతి ఇదొక్కటే: కొన్ని రోజులు గడప దాటి చెబుతాం, కొన్ని రోజులు కూర్చున్న చోటి నుంచే చెబుతాం.