పదహారు కాళ్ల అడవిదున్న

సత్తుపల్లి పార్కులో నా పరువు రెండే రెండు నిమిషాల్లో పోయింది. ఎలా పోయిందో చెప్తాను. నవ్వుకోండి, ఫోన్లో రికార్డు మాత్రం చేయకండి. కొంప ముంచింది అదే.

నేను హైదరాబాద్‌లో పెరిగినదాన్ని. సత్తుపల్లి పెద్దమ్మ కొడుకు రాజు నాకంటే ఆర్నెల్లు చిన్న. షాపుల బోర్డులకు రంగులేసేవాడు. ఆ మధ్య పార్కు ఓనరు వాణ్ని పిలిచి, పిల్లల రోలర్ కోస్టర్‌కు కొత్త వేషం వేయమన్నాడు. అంతే, ఇంట్లో వాడే దేవుడైపోయాడు. నేను బస్సు దిగి గడప తొక్కానో లేదో, "మన రాజుగాడు అడివిదున్నను జేసిండే, సూసినవా?" అంది అమ్మమ్మ. తిన్నావా అని కూడా అడగలేదు! సత్తుపల్లి బొగ్గంతా నా కడుపులోనే అంటుకుంది.

పార్కులో బండి నడిపే తాత దాని చరిత్ర విప్పాడు.

"మొదట్ల ఇది గొంగళిపురుగమ్మా. దురద పుడ్తదని పిల్లలు ఎక్కలే. కొమ్ములు పెట్టి డ్రాగన్ జేసిన్రు. మనోళ్లు బల్లి అనుకున్నరు. బల్లి మీద కూసుంటే దోషమని పెద్దలు ఎక్కనియ్యలే. ఇప్పుడు రాజు సార్ దున్నను జేసిండు, సూడు లైను!"

రాజు సారట! వంగి చూశాను. పెట్టెల కింద గొంగళిపురుగు పచ్చకాళ్లు అలాగే ఉన్నాయి.

"ఏందిరా, నీ దున్నకు పదహారు కాళ్లా?" అన్నాను, పక్కనే నిలబడ్డ రాజుతో.

"గడ్డి గీస్తే కనబడవక్కా. గొంతే కుదర్తలేదు. గుహలకు పోంగనే దున్న అరవాలె. ఎంత ఎతికినా మంచి అరుపు దొరుకుతలేదు."

"నీ బండారం ఇప్పుడే బయటపెడ్తా, ఆగు!"

ఫ్యామిలీ గ్రూపులో అందరికీ వీడియో కాల్ కలిపి, ముందు సీట్లో కూర్చున్నాను.

"అక్కా, రాడ్డు పట్టుకో!"

"పిల్లల బండికి రాడ్డేందిరా!"

"చూడండి, ఇది దున్న కాదు, పాత గొంగళి..." అని నేను ఫోన్లో అందరికీ చెప్తుండగానే బండి చీకటి గుహలోకి జారింది. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చింది మనుషుల భాష కాదు. పక్క సీట్లోని నాలుగేళ్ల పాప నా చెయ్యి నిమిరి, "ఏం గాదక్కా, అయిపోతది" అంది.

దిగేసరికి రాజు నవ్వడం లేదు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా! వీడియో కాల్ల నీ అరుపు రికార్డు జేసిన! దున్న గొంతు దొరికింది!"

ఇప్పుడు ఆ గుహలో రోజంతా అరిచేది నేనే. పిల్లలు ఆ అరుపు కోసమే రెండోసారి ఎక్కుతున్నారట. మొన్న అమ్మమ్మ కూడా ఎక్కొచ్చి ఫోన్ చేసింది: "రాజుగాడు దున్న గొంతు ఎంత బాగ పట్టిండే!"

పేరు మళ్లీ వాడికే!

పులిని చూసి నక్క వాత పెట్టుకుందట. నేను తమ్ముణ్ని చూసి దున్నకు గొంతిచ్చాను. అందుకే గోదావరి సాక్షిగా, నా ఫోన్ మీద ఒట్టు: ఇక జన్మలో ఎవరిమీదా కుళ్లుకోను. కుళ్లుకున్నా, నోరు మూసుకుని కుళ్లుకుంటాను.