రెండోసారి తిప్పాల్సిన పేజీ

మా మేడమ్ కూతురు ఆ రోజు పాడాల్సింది ఇటలీ భాషలో పాట. నాటకంలోది కాదట. కచేరీలో ఒక్కరే నిలబడి పాడటానికి రెండు వందల ఏళ్ళకు ముందే ఎవరో కట్టారట. వినడానికి వేరే దేశం నుంచి ఒక గురువుగారు వచ్చారు. ఆయన ఈ ఏడాది ఒక్కరినే శిష్యురాలిగా తీసుకుంటారు.

ఈ అరబ్బు దేశంలో, రిఫా అనే ఊళ్ళోని వాళ్ళింట్లో తొమ్మిదేళ్ళుగా వంట చేస్తున్నాను. మేడమ్ పియానో వాయిస్తుంటే పక్కన నిలబడి పేజీలు తిప్పే ఆవిడ జబ్బుపడింది. వారంలోపల ఇంకెవరూ దొరక్క మేడమ్ నన్నే నిలబెట్టింది. నాకు స్వరాలు చదవడం రాదు. లెక్క మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. కాగితం మీద నిలువు గీతల మధ్య చోట్లను గదులు అనుకున్నాను. గదికి నాలుగు తాళం దెబ్బలు. తిప్పేది మూడుసార్లు. మొదటిసారి, మాట్లాడినట్టు సాగే చోట తాళం ఉండదు, మేడమ్ తల ఊపుతుంది. మూడోసారీ అంతే, పాట పరుగు పెడుతుంది. రెండోసారి మాత్రం పూర్తిగా నా లెక్కే. ఆ పేజీలో ఇరవై నాలుగు గదులు. ఒక గదిలో మాత్రం అమ్మాయి ఇంట్లో సాధన చేసేటప్పుడు ఒకే స్వరాన్ని ఏడు దెబ్బల సేపు పట్టి ఉంచేది. మొత్తం తొంభై తొమ్మిది. తొంభై ఐదు దగ్గర చెయ్యి లేపాలి.

పక్క ఊరు అవాలిలోని హాలుకు కార్లో వెళ్తుంటే డ్రైవర్, నిజామాబాద్ వైపువాడు, అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "ఏందక్కా, పెదాలు కదుపుతున్నవ్? పాడేది నువ్వా, పాపనా?"

"నోర్ముయ్ తమ్ముడూ. లెక్క తప్పిపోద్ది."

హాల్లో ఏసీ గాలికి కాగితం మూల ఊగుతోంది. మొదటి పేజీ సరిగానే తిప్పాను. తర్వాత ఆ స్వరం వచ్చింది. ఐదు, ఆరు, ఏడు. అమ్మాయి వదల్లేదు. నా లెక్క మాత్రం ఆగలేదు. ఎనిమిది, తొమ్మిది అని తర్వాతి గదుల్లోకి వెళ్ళిపోయింది. ఆమె పదమూడు దాకా పట్టింది. నాకు అది తెలిసేసరికి తొంభై ఐదు అనుకుని చెయ్యి లేపేశాను, కాగితం మూల సగం వంగింది.

మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి. కింది వరస ఇంకా మిగిలే ఉంది. తిప్పేస్తే ఆమె చేతులు ఆగిపోతాయి, వదిలేస్తే కాగితం చప్పుడు చేస్తుంది. ఎటూ కదపకుండా పట్టుకున్నాను. భుజం నొప్పి పుట్టింది. పదేళ్ళప్పటి నుంచి పాడుతున్న పిల్లకు నా వల్ల ఈ అవకాశం పోతుందేమో అనుకున్నాను. చివరికి మేడమ్ తల కదిలింది. తిప్పాను.

పాట అయ్యాక గురువుగారు చప్పట్లు కొట్టలేదు. ఏదో రాసుకున్నారు. తర్వాత పియానో మీది కాగితం వైపు వేలు చూపించి ఇంగ్లీషులో ఏదో అన్నారు. మేడమ్ నా వైపు తిరిగింది.

"ఆ రెండో పేజీ మళ్ళీ. మొదటి నుంచి."

నా వల్లే చెడిందని, అందుకే మళ్ళీ అడిగారని అనుకున్నాను. "మేడమ్, నా వల్ల కాదు," అన్నాను.

"నువ్వు తప్ప ఎవరున్నారు?" అంది హిందీలో, మెల్లగా.

ఈసారి నేను లెక్క పెట్టలేదు. అమ్మాయి వీపు చూశాను. స్వరం పట్టినప్పుడు ఆమె భుజాలు పైకి లేచి అక్కడే నిలిచాయి. అవి కిందికి దిగేదాకా నేనూ ఊపిరి తీసుకోలేదు. అక్కడి నుంచి మేడమ్ తలనే చూస్తూ, అది కదిలాకే తిప్పాను.

ఆయన అడిగింది ఆ పొడుగు స్వరం ఇంకోసారి వినడానికట. అమ్మాయిని తీసుకున్నారు. ఆ మాట కార్లో మేడమ్ చెప్పింది. నేను సరేనన్నాను గానీ, ఇల్లు చేరేదాకా, ముందే లేచిన ఆ కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకునే కూర్చున్నాను.