చేతిలోనే ఉన్న మూకుడు

నా చిన్నప్పుడు మా పెద్దనాన్న కూతురంటే నాకు ఒళ్లుమంట. నాకన్నా ఏడాదే పెద్ద. దాన్ని అక్కా అని పిలవాల్సి రావడమే కష్టంగా ఉండేది. జడ పొడుగు, చదువులో ముందు, చాలదన్నట్టు తుపాకీ పేల్చడం కూడా వచ్చేసింది.

తుపాకీ మా తాతయ్యది. మఠంపల్లి దగ్గర మా వేరుశనగ చేలో అడవిపందుల బెడద ఉందని లైసెన్సు మీద తెచ్చుకున్నాడు. ఆ వేసవిలో మా మామయ్య వచ్చి, హైదరాబాదులో ఎగిరే మట్టి బిళ్లల్ని తుపాకీతో పగలగొట్టే పోటీలు జరుగుతాయనీ, మా ఇద్దరిలో గురి కుదిరినవాళ్లను తీసుకెళ్తాననీ చెప్పాడు. మా ఊళ్లో ఆ బిళ్లలెక్కడివి? తాతయ్య కుమ్మరి దగ్గర గంపెడు చిన్న మూకుళ్లు తెప్పించి, పాత సున్నపురాయి గని అంచున మా పక్కనే నిలబడి గుంత మీదుగా విసిరేవాడు.

అక్క "ఇడువు తాతా" అని అరిచేది. మూకుడు లేచేది, ముక్కలయ్యేది. మామయ్య చప్పట్లు కొట్టేవాడు. నేను మూకుళ్ల వంక చూస్తే ఒట్టు. అక్క కాలు ఎక్కడ పెడుతోంది, చెంప ఎలా ఆనిస్తోంది, అరిచాక ఎంతసేపటికి ట్రిగ్గర్ నొక్కుతోంది, ఇవే చూస్తూ కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. అచ్చం అక్కలాగే నిలబడ్డాను. అది చూస్తోందో లేదో ఓరకంట గమనించి, "ఇడువు తాతా" అని అరిచి, అది నొక్కే అదనుకే ట్రిగ్గర్ నొక్కాను. టక్కుమంది, అంతే.

"దేన్ని కొట్టినవ్ బిడ్డా? మూకుడు నా చేతులనే ఉన్నది గద!" అన్నాడు తాతయ్య.

విసరనే లేదు. తుపాకీలో తూటా కూడా పెట్టలేదట. అక్క పగలబడి నవ్వింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తాతయ్య మాత్రం నవ్వలేదు. తూటా పెట్టి, "మీ అక్క యాడికి పోదు తియ్. జర దీన్ని సూడు" అంటూ మూకుడు నా ముఖం ముందు ఆడించి విసిరాడు. తగల్లేదు. కానీ అది గిర్రున తిరుగుతూ గనిలోకి జారిపోయేదాకా కన్నార్పకుండా చూశాను.

హైదరాబాదుకు అక్కే వెళ్లింది. మిర్యాలగూడలో రైలెక్కించడానికి నేనూ వెళ్లి స్టేషన్లో వెక్కివెక్కి ఏడ్చాను. పాపం, అక్కంటే ఎంత ప్రేమో అనుకున్నారు అందరూ.

మనవలొచ్చినా ఆ మంట పూర్తిగా చల్లారలేదు. మొన్న అక్క గృహప్రవేశంలో కూడా రగిలింది. కాకపోతే రగిలినప్పుడల్లా, నేను చూస్తున్నది అక్క వంకా, నాకు కావాల్సినదాని వంకా అని నన్ను నేనే అడుగుతాను. చాలాసార్లు అక్క దగ్గరున్నది నాకు అక్కర్లేదనే తేలుతుంది. ఆ తుపాకీ మీద మనసు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ పోలేదు.